కర్ర ఆరాలి

నర్సీపట్నం పేరు రైల్వే బోర్డు మీద చదివినవాళ్ళు ఎక్కువగాని, ఊరు చూసినవాళ్ళు తక్కువ. అనకాపల్లికీ తునికీ మధ్య "నర్సీపట్నం రోడ్డు" అని ఒక స్టేషను వస్తుంది. కొత్త చుట్టం ఎవరైనా ఆ బోర్డు చూసి సంబరంగా సంచీ పుచ్చుకుని దిగారో, అయిపోయారన్నమాటే! అసలు ఊరు అక్కడికి ఇరవై కిలోమీటర్లు దాటిన దూరంలో, కొండల మొదట్లో, నింపాదిగా కూర్చుని వుంటుంది. మా ఊరి స్వభావమే అంత. ఎవరికీ ఎదురు వెళ్ళదు. కావలసినవాళ్ళే వెతుక్కుంటూ రావాలి.

మా వీధి చివర రేకుల షెడ్డులో పని చేసుకునే ఆచారిగారిదీ సరిగ్గా అదే స్వభావం. ఆయనకి బోర్డు లేదు. ఫోను వుందిగాని, అది ఎప్పుడూ రంపపు పొట్టు కింద ఎక్కడో మోగుతూ వుంటుంది. డెబ్బై యేళ్ళు దాటాయి. కళ్ళజోడు ఒక కాడ విరిగితే దానికి తాడు కట్టుకున్నారు. ఊళ్ళో ఇన్ని తలుపులకి కాళ్ళూ చేతులూ అతికిన మనిషి, తన కళ్ళజోడు కాడ ఒక్కటి అతికించుకోలేరా అని నేను అడిగితే, "అది ప్లాస్టిక్కు కదండీ పంతులమ్మగారూ, నా మాట వినదు" అన్నారు.

నేను ముప్ఫయ్యేళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరయినదాన్ని. ఇప్పుడు తీరిక ఎక్కువ. మావారికి పేపరు వుంటే చాలు, ఉదయం పదిగంటల దాకా మనిషి అవసరం లేదు. అంచేత ఏ పీట కోడు వూడినా, ఏ కవ్వం విరిగినా పట్టుకుని ఆచారిగారి షెడ్డుకి వెళ్ళడం నాకు అలవాటయింది. వెళ్ళిన పని పది నిమిషాల్లో అయిపోతుంది. కూర్చున్నది గంటవుతుంది. ఆ గంటల్లో నాకు తెలిసిన సంగతులు నాలుగు మీతో చెప్పాలని వుంది.

ఆచారిగారి చేతిలో రెండు విద్యలున్నాయి. ఒకటి చెక్కడం. ఒకప్పుడు మా ఊళ్ళో కాస్త కలిగినవాళ్ళు ఇల్లు కట్టుకుంటే ద్వారబంధం పైన గజలక్ష్మిని చెక్కించుకునేవారు. అటూ ఇటూ ఏనుగులు, మధ్య అమ్మవారు, కింద మామిడి పిందెల వరస. గుళ్ళో గరుడ వాహనానికి రెక్క విరిగినా, ఇంట్లో ఉయ్యాలబల్ల చిలక ముక్కు ఊడినా ఆయనే. రెండోది తరిమెన పట్టడం. అంటే కర్రని గిర్రున తిప్పుతూ, ఉలితో ఒరిసి గుండ్రటి వస్తువులు తియ్యడం. ఇప్పుడు దాన్ని అందరూ లేతు అంటున్నారు. బొంగరాలు, గిలకలు, కుంకుమ భరిణెలు, చిన్నపిల్లల లక్కపిడతలు, అన్నీ ఆ విద్యలోనివే.

"ఈ రెండిటికీ తేడా ఏమిటండీ?" అని ఒకసారి అడిగాను.

"చెక్కేటప్పుడు కర్ర కదలదు, మన చెయ్యి తిరగాలి. తరిమెన మీద కర్ర తిరుగుతాది, మన చెయ్యి కదలకూడదు" అన్నారు. ఇంత చిన్న వాక్యంలో ఇంత పెద్ద పాఠం నేను ముప్ఫయ్యేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదనిపించింది.

ఆయన తరిమెన పని నేర్చుకున్నది ఏటికొప్పాకలో, మేనమామ ఇంట. ఏటికొప్పాక మాకు మరీ దూరం కాదు. కోటవురట్ల మీదుగా అడ్డరోడ్డు వైపు దిగితే, వరాహనది ఒడ్డున వుంటుంది ఆ ఊరు. లక్కబొమ్మలకి అది పుట్టిల్లు. పన్నెండో యేట అక్కడికి వెళ్ళి, రెండేళ్ళపాటు ఉలి ముట్టకుండా తాడు లాగారట. ఆ రోజుల్లో కరెంటు మోటార్లు లేవు. కర్ర ముక్కని రెండు మేకుల మధ్య బిగించి, దానికి తాడు చుట్టి ఒకరు ముందుకీ వెనక్కీ లాగుతూ వుంటే, ఇంకొకరు ఉలి పట్టేవారు. తాడు లాగేవాడి వూపిరి తప్పితే ఉలి పట్టినవాడి గీత తప్పుతుంది. "మా మావ తిట్టేవోడు కాడండి. ఉలి పక్కన పెట్టి నాకేసి చూసేవోడు. అంతే. తిడితే బాగుండునని వుండేది" అంటారు ఆచారిగారు.

ఇక కర్ర సంగతి. అన్ని కర్రలూ ఈ పనికి రావు. ఏటికొప్పాక బొమ్మకి కావలసింది అంకుడు కర్ర. పాలుగారే చెట్టు అది. ఆకు తుంపితే తెల్లటి పాలు కారతాయి. కాయలు జంటలుగా వేలాడతాయి, జంట కాయల కొసలు రెండూ కలిసి వుంటాయి. కర్ర దంతం రంగులో, తేలికగా, ఈనె కనపడనంత నున్నగా వుంటుంది. ఉలికి ఎదురు తిరగదు. కర్ణాటకలో చెన్నపట్నం బొమ్మలు ప్రసిద్ధి కదా, అవీ ఈ కర్రతోనే చేస్తారు. మన కొండపల్లి బొమ్మది మాత్రం వేరే దారి. దానికి తెల్లపొణికి కర్ర. ముక్కలు ముక్కలుగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. అందుకే కొండపల్లి బొమ్మకి చేతులూ కాళ్ళూ మనిషిలా వుంటాయి. ఏటికొప్పాక బొమ్మకి అన్నీ గుండ్రాలే. అంబారీ ఏనుగైనా, పెళ్ళికూతురైనా గుండ్రాల్లోంచే పుట్టాలి.

అంకుడు మా నర్సీపట్నం చుట్టుపట్ల కొండల్లో పెరిగే చెట్టు. ఏటికొప్పాకకి కర్ర ఈ వైపు నుంచే వెళ్ళేది. పచ్చి కొమ్మ తెచ్చి వెంటనే ఉలి పట్టడానికి లేదు. ముక్కలు కోసి నీడన పెట్టాలి. ఎండలో పెడితే తొందరగా ఆరుతుంది నిజమే, బీటలు కూడా అంత తొందరగానూ వస్తాయి. పైన ఆరినట్టు కనిపించినా లోపల తడి వుంటుంది. ఆచారిగారి షెడ్డులో అటకంతా ఇవే కొమ్మలు. ఏ కట్ట ఎప్పుడు పెట్టారో సుద్దముక్కతో రాసి వుంటుంది. ఎవరు ఏమడిగినా ఆయన ముందు అటకకేసి చూసి, తరవాత జవాబు చెబుతారు. "కర్ర ఆరాలి" అన్నది ఆయన ఊతపదం. మా వీధి పిల్లలు ఆయన్ని ఆ మాటతోనే వేళాకోళం చేస్తారు.

లక్క అద్దడం చూస్తే మీకూ ముచ్చటేస్తుంది. లక్క అన్నది చిన్న పురుగు చేసే వస్తువు. మోదుగ, రేగు, పుసుగు లాంటి చెట్ల కొమ్మలమీద వేలకొద్దీ పురుగులు చేరి, తమ చుట్టూ జిగురు గూడు కట్టుకుంటాయి. ఆ గూడు గీకి, కరిగించి, మలినం తీస్తే లక్క. దుర్యోధనుడు పాండవులకు కట్టించిన ఇల్లు ఈ సరుకుతోనే. నిప్పుకి ఎంత సులువుగా లొంగుతుందో ఆయనకి తెలుసు. అదే గుణం మన పనివాడికీ తెలుసు. ఆయన ఇల్లు తగలబెట్టడానికి వాడుకున్నాడు. ఈయన పాపాయికి గిలక చెయ్యడానికి వాడుకుంటున్నారు. అంతే తేడా!

లక్కని నిప్పుల మీద మెత్తబరచి, రంగు కలిపి, తీర్థంలో జీళ్ళు లాగినట్టు సాగదీసి, మడిచి, మళ్ళీ సాగదీస్తారు. రంగు అంతటా సమంగా పట్టాక కడ్డీలుగా చేసి ఆరబెడతారు. తరిమెన మీద బొమ్మ గిర్రున తిరుగుతూ వుండగా ఈ కడ్డీని దానికి ఆనిస్తే, రాపిడి వేడికే లక్క కరిగి కర్రని పట్టుకుంటుంది. పొయ్యి అక్కర్లేదు, కుంచె అక్కర్లేదు. ఆ తరవాత మొగలి ఆకు ముక్కని గట్టిగా నొక్కి పడితే, లక్క అంతా సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. మొగలిపువ్వు జడలో పెట్టుకున్నవాళ్ళమేగాని, ఆకుకి ఇంత ఉపయోగం వుందని ఎవరనుకున్నాం?

రంగులకి కూడా ఒక కథ వుంది. పూర్వం పసుపు నుంచి పచ్చ, జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలిమందు నుంచి నీలం, నీలీ పసుపూ కలిపితే ఆకుపచ్చ. తరవాత బజారులో డబ్బాల రంగులొచ్చాయి. చవక, తళతళ, శ్రమ లేదు. పాత రంగులు వెనకబడ్డాయి. కాని చంటిపిల్లలు బొమ్మని చూసి వూరుకోరుగా, నోట్లో పెట్టుకుంటారు. సీసం కలిసిన రంగులు పిల్లల మెదడుకి చేటు అని వైద్యులు చెబుతున్నారు. ఏటికొప్పాకలోనే చింతలపాటి వెంకటపతిరాజుగారు 1990 ప్రాంతాల నుంచి పట్టుబట్టి, ఆకుల్లోంచీ వేళ్ళలోంచీ గింజల్లోంచీ రంగులు తీసే పద్ధతిని మళ్ళీ నిలబెట్టారు. ఆయనకి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు పెట్టి వేరే చోటి సరుకు అమ్మకూడదు. 2025 గణతంత్ర దినాన ఢిల్లీలో మన రాష్ట్రం శకటం ఏటికొప్పాక బొమ్మలతోనే వెళ్ళి, రాష్ట్రాల శకటాల్లో మూడో బహుమతి తెచ్చుకుంది.

ఆ రోజు ఆచారిగారి షెడ్డులో చిన్న టీవీ పెట్టి అందరం చూశాం. శకటం కనబడినంతసేపూ ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూనే వున్నారు. వెళ్ళిపోయాక, "బాగుందండి. కాని అంత పెద్ద బొమ్మకి అంకుడు కర్ర ఎక్కడిదండీ?" అన్నారు. మావారు నవ్వారు. ఆచారిగారు నవ్వలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఒక సంక్రాంతి వెళ్ళిన వారం, పట్నం నుంచి ఒక కుర్రవాడు కారులో వచ్చాడు. పెళ్ళిళ్ళు కాంట్రాక్టుకి చేయించేవాడట. మాఘమాసంలో పెద్దింటి పెళ్ళి. వచ్చిన ప్రతి ముత్తయిదువుకీ లక్క కుంకుమ భరిణె ఇవ్వాలని పెళ్ళివారి కోరిక. ఐదు వందలు కావాలి. ఇరవై రోజుల గడువు. సగం డబ్బు అప్పుడే బల్లమీద పెట్టాడు. నేను అప్పుడు అక్కడే వున్నాను, చపాతీ కర్ర పిడి వూడితే తీసుకెళ్ళాను.

ఆచారిగారు అలవాటుగా అటకకేసి చూశారు. చూసి, "అరవై అవుతాయి బాబూ. అంతకి మించి ఆరిన కర్ర లేదు" అన్నారు.

"ఆరకపోతే ఏమండీ? పచ్చి కర్రతోనే చేసేయండి. పైన డబ్బా రంగు కొట్టేద్దాం. ఫొటోలో అంతా ఒక్కలాగే వుంటుంది" అన్నాడా అబ్బాయి. వాడి మాటలో దురుసు లేదు. నిజంగానే అందులో తప్పేమిటో వాడికి తెలియదు.

"పచ్చి కర్ర ఆరుతూ ముడుచుకుంటాది బాబూ. ఇవాళ గుండ్రంగా వున్నది నెల తిరక్కుండా కోలగా అయిపోతాది. మూత బిగిసిపోతాది, లేపోతే వదులైపోతాది. కుంకం పెట్టుకునే వస్తువు. ఆ తల్లి మూత తియ్యలేక విసుక్కుంటే ఆ విసుగు పెళ్ళివారికి కాదు, నాకు తగులుతాది" అన్నారు.

కుర్రవాడు ఇంకా ఎక్కువ ఇస్తానన్నాడు. ఆచారిగారు డబ్బు మడిచి వాడి జేబులో పెట్టి, మంచినీళ్ళు ఇచ్చి పంపించారు. అరవై కూడా వాడు తీసుకోలేదు. అన్నీ ఒకలా వుండాలట.

కారు వీధి మలుపు తిరిగిందో లేదో, లోపల్నించి వదినగారు వచ్చారు. ఆచారిగారి భార్యని నేను వదినగారూ అనే పిలుస్తాను. ఆవిడ అరిచే మనిషి కాదు. కొంగు నడుముకి దోపుకుని, గుమ్మం పట్టుకుని నిలబడి అన్న మాట ఇప్పటికీ నా చెవిలో వుంది.

"కర్ర ఆరాలి, కర్ర ఆరాలి అంటారు. పొయ్యి ఆరిపోతే ఎవరు వెలిగిస్తారు?"

ఆయన మాట్లాడలేదు. నా చపాతీ కర్ర తీసుకుని పిడి బిగించడం మొదలుపెట్టారు.

ఆవిడ కోపం ఊరికే వచ్చింది కాదు. కూతురి పురిటికి ఆస్పత్రిలో అనుకోని ఖర్చయితే, ఆవిడ గాజులు నాలుగూ బ్యాంకులో కుదువకి వెళ్ళాయి. రెండేళ్ళయింది. ఆ ఐదు వందల భరిణెల డబ్బుతో గాజులు ఇంటికి వచ్చేవి. ఆవిడ చేతికి అప్పటికి గాజు గాజులే వున్నాయి. ఆ సంగతి ఆచారిగారికి తెలియదా? తెలుసు. తెలిసే డబ్బు తిప్పి పంపించారు. అలాంటివాణ్ణి గొప్పవాడనాలో, మొండివాడనాలో ఆ పూట నాకు తేలలేదు. ఇంటికి వచ్చి మావారితో చెప్పాను. "ఆయన చేసింది సబబే" అన్నారు పేపరు దించకుండా. "మీ గాజులు కావుగా" అన్నాను. పేపరు దించారు.

తరవాత చాలా రోజులు ఆలోచించాను. ఆయన మాటా నిజమే, ఆవిడ మాటా నిజమే. ఇద్దరు మంచివాళ్ళ మధ్య తగవు పెట్టినది మూడో మనిషి. ఆ మూడో మనిషి పాపం ఆ కుర్రవాడు కూడా కాదు. వస్తువు ఇవాళ అనుకుంటే రేపు గుమ్మంలో వుండాలనే మన తొందర. పెళ్ళి ఆరు నెలల ముందు కుదుర్చుకుంటాం. చీరలు మూడు నెలల ముందు కొంటాం. కల్యాణమండపానికి ఏడాది ముందే డబ్బు కడతాం. బొమ్మల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇరవై రోజులు చాలునంటాం. చెట్టు కొమ్మ వెయ్యడానికి కొన్నేళ్ళు, ఆ కొమ్మ నీడన ఆరడానికి నెలలు, దాన్ని గుండ్రంగా తీసే చెయ్యి తయారవడానికి ఇంకొన్నేళ్ళు. ఈ కాలమంతా బొమ్మ లోపల వుంటుంది. మనం బేరమాడేది కర్ర మీదా రంగు మీదా అనుకుంటాం. నిజానికి కాలం మీద బేరమాడుతున్నాం.

కర్ర కూడా ఇదివరకంత సులువుగా దొరకడం లేదు. అడవిలో కర్ర కొట్టడం అన్నది మా వైపు చిన్న మాట కాదు. 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం ఈ కొండల్లో వాళ్ళ పోడుకీ కట్టెపుల్లకీ కంచె వేసింది. ఆ కడుపుమంట కూడా కలిసే 1922లో అల్లూరి సీతారామరాజు పితూరీ లేచింది. ఆయన సమాధి వున్న కృష్ణదేవిపేట మా ఊరికి దగ్గరే. ఇప్పటికీ అడవిలోంచి కొమ్మ తేవాలంటే అనుమతి కావాలి. వుండవద్దని నేననను. కట్టడి లేకపోతే వంటచెరుకుకీ, పొలాలు చదును చెయ్యడానికీ చెట్టు మొదలంటా పోతుంది. అంకుడు మంచి చెట్టు. మొదలు వుంచి కొమ్మ కొడితే మళ్ళీ చిగురిస్తుంది. బొమ్మల పనివాడికి కావలసింది కొమ్మే. చెట్టు చచ్చిపోతే మొదట ఏడ్చేవాడు అతనే. అందుకే అంకుడు మొక్కలు నాటించండి, కొమ్మ తెచ్చుకోవడానికి దారి చూపండి అని ఏటికొప్పాకవాళ్ళు మొరపెట్టుకుంటున్నారు. ఆచారిగారు మొర కూడా పెట్టుకోలేదు. షెడ్డు వెనక పెరట్లో నాలుగు అంకుడు మొక్కలు వేశారు. "ఇవి కొమ్మ వేసేసరికి మీకెన్నేళ్ళండీ?" అంటే, "నాకెందుకండీ లెక్క, మొక్కకి కావాలిగాని" అన్నారు.

ఆ అరవై భరిణెలూ మాత్రం ఆ వేసవంతా కూర్చుని చేశారు. ఎవరూ అడగకుండానే. రెండూ మూడూ చొప్పున ఏడాది పొడుగునా అమ్ముడుపోయాయి. నేను ఆరు కొన్నాను. గాజులు విడిపించినది భరిణెలు కాదు లెండి. అచ్యుతాపురం ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు బోనసు వస్తే విడిపించాడు. అబ్బాయి బుద్ధిమంతుడు. తండ్రి విద్య మాత్రం ముట్టలేదు. నెల తిరిగేసరికి జీతం చేతికొచ్చే ఉద్యోగం వదిలి తరిమెన పట్టమని ఏ తల్లి చెబుతుంది? వదినగారు చెప్పలేదు. ఆచారిగారూ చెప్పలేదు.

విద్య ముట్టినది ఎవరూ అనుకోని మనిషి. కూతురి పెద్ద పిల్ల. పదో తరగతి పరీక్షలు రాసి సెలవులకి తాతగారింటికి వచ్చింది. మూడు రోజులు ఫోనుతో పొద్దుపుచ్చి, నాలుగో రోజు షెడ్డులోకి వచ్చి, "తాతా, నేను తిప్పనా?" అంది.

వదినగారికి ససేమిరా ఇష్టం లేదు. "ఆడపిల్లకి ఉలీ సుత్తీ ఏమిటి? జడ పట్టుకుంటే?" అన్నారు. జడ సంగతి నిజమే; తిరిగే తరిమెన దగ్గర జుట్టూ కొంగూ జాగ్రత్త. ఆచారిగారు పిల్ల జడ ముడి వేయించి, చున్నీ విప్పించి పక్కన పెట్టించారు. తరవాత భార్యతో మెల్లిగా అన్నారు: "మా మావ తిప్పిన ప్రతి బొమ్మకీ తాడు లాగింది మా అత్తే. తాడు లాగడానికి పనికొచ్చిన చెయ్యి ఉలి పట్టడానికి పనికిరాదా? ఇప్పుడు ఏటికొప్పాకలో ఆడవాళ్ళు కూడా చేస్తన్నారే."

పిల్లకి మొదట ఇచ్చిన పని బొంగరం. బొంగరం చిన్నదేగాని అబద్ధం చెప్పదట. భరిణె వంకరగా వున్నా కుంకుమ పట్టుకుంటుంది; బొంగరం వెంట్రుకవాసి తేడా వచ్చినా తల వూపేస్తుంది. పిల్ల రోజుకి ఒకటీ రెండూ చేసింది. అన్నీ రెండు చుట్లు తిరిగి పక్కకి పడిపోయాయి. తాతగారు తిట్టలేదు. ఉలి పక్కన పెట్టి పిల్లకేసి చూశారు. ఆ చూపు నేను ఎక్కడో విన్నట్టనిపించింది.

పదకొండు పడిపోయాయి. పన్నెండోది గచ్చు మీద నిలబడి, చప్పుడు లేకుండా, తిరుగుతున్నదో ఆగిందో తెలియకుండా తిరిగింది. మేమంతా ఊపిరి బిగబట్టి చూశాం. అది పడిపోయాక ఆచారిగారు తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది బొంగరం. దీనికి లక్క వేద్దాం. మిగతావి పొయ్యిలో పెట్టు" అన్నారు భార్యతో.

వదినగారు పదకొండూ కొంగులో పోసుకుని లోపలికి వెళ్ళారు. మర్నాడు పప్పులోకి కరివేపాకు కావాలని నేను వాళ్ళ వంటింట్లోకి వెళితే, పోపులపెట్టె పక్కన ఇత్తడి గిన్నెలో పదకొండు బొంగరాలూ వున్నాయి. నేను చూడడం ఆవిడ చూశారు. "పచ్చివండీ. ఆరాక పెడదామని" అన్నారు. ఆరిన కర్రతో చేసిన బొంగరాలు మళ్ళీ ఎప్పుడారతాయని నేను అడగలేదు.

పిల్ల ఇప్పుడు ఇంటర్మీడియట్ చదువుతోంది. ఆదివారాలు వచ్చి తరిమెన ముందు కూర్చుంటుంది. రేపు ఇంజనీరవుతుందో, బొమ్మలే చేస్తుందో ఇప్పుడే చెప్పలేం. అదీ ఆరవలసిన కర్రే.

ఇది చదివే తల్లులకి నాలుగు మాటలు. లక్క సామాను కొనేటప్పుడు అడుగు భాగం తిప్పి చూడండి. రంగు వెయ్యని చోట కర్ర తెల్లగా, నున్నగా, బీట లేకుండా వుండాలి. భరిణె మూత రెండు మూడుసార్లు తీసి పెట్టండి, బిగుసుకోకూడదు, గలగలలాడకూడదు. రంగు దేనితో తీశారని అడగండి. చెప్పగలిగినవాడు సంతోషంగా చెబుతాడు. ఇంటికి తెచ్చాక ఎండలోనూ పొయ్యి దగ్గరా పెట్టకండి, వేడి నీళ్ళతో కడగకండి. పొడిగుడ్డతో తుడిస్తే చాలు. అన్నిటికన్నా ముఖ్యం, శుభకార్యానికి బొమ్మలు కావాలనుకుంటే ముహూర్తం పెట్టించిన రోజే పనివాడికి కబురు చెయ్యండి. మీరు ముందు చెప్పిన ఆరు నెలలూ అతనికి బయానా కన్నా పెద్ద సాయం. కర్ర ఆరుతుంది, పొయ్యీ ఆరకుండా వుంటుంది.

నేనూ ఒక కబురు చేశాను. మా చిన్నమ్మాయి కూతురికి కార్తీకమాసంలో మొదటి పుట్టినరోజు. లక్కపిడతలు పూర్తి సెట్టు కావాలన్నాను: బిందె, చెంబు, పొయ్యి, పప్పుగుత్తి, తిరగలి, అన్నీ. ఆచారిగారు అటకకేసి చూశారు. ఈసారి పక్కనున్న మనవరాలు కూడా చూసింది. సుద్దముక్కతో రాసింది పైకి చదివింది తనే.

"అవుతాయండి పంతులమ్మగారూ" అన్నారు ఆయన. "అప్పటికి పాపకి పళ్ళు కూడా వస్తాయి. కొరికినా భయం లేదు. పసుపూ జాఫ్రాయే."